వీసా అప్లికేషన్‌లో మీ మాట మీరే రాయండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆస్ట్రేలియా పార్ట్‌నర్ వీసా గురించే, అంటే అక్కడ స్థిరపడిన భర్తో భార్యో స్పాన్సర్ చేసే వీసా. మైగ్రేషన్ ఏజెంటుగా మూడింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది నరసరావుపేట దగ్గర పల్లె. జూనియర్ కాలేజీలో మ్యాథ్స్ చెబుతాను. మాఘమాసంలో పెళ్లయింది. మావారికి మెల్‌బోర్న్‌లో ఉద్యోగం, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉంది. పెళ్లికి నెల సెలవు మీద వచ్చారు. పెళ్లి పనులు, వ్రతం, తిరుపతి, చుట్టాల ఇళ్లు అన్నీ పోను మేమిద్దరం కలిసి ఉన్నది మూడు వారాలు కూడా లేదు. మామగారికి తెలిసిన కన్సల్టెంటు ‘‘మూడు వారాల కాపురానికి పార్ట్‌నర్ వీసా రాదు, ముందు విజిటర్ వీసా మీద పంపి అక్కడే వేయిద్దాం’’ అంటున్నాడు. మా గురించి రాయాల్సిన స్టేట్‌మెంటు తన దగ్గర రెడీగా ఉందట, పేర్లు మారిస్తే చాలట. జాయింట్ అకౌంటు పాత తేదీతో చూపిస్తానని కూడా అన్నాడు. అత్తగారు పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్పించుకోమంటున్నారు. ఎలాగూ వెళ్లేదానివే కదా, ఉద్యోగం ఇప్పుడే మానేయమంటున్నారు. వీసా ఖర్చు మా నాన్న పెట్టుకోవాలని పెళ్లిమాటల్లో ఎవరూ అనలేదు, ఇప్పుడు అంటున్నారు. ఆషాఢానికి పుట్టింటికి వచ్చాను, ఇంకా ఇక్కడే ఉన్నాను. ఏది ముందు చేయాలో తోచడం లేదు.
— ఒక సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, మూడు వారాలకు వీసా ఇస్తారా అన్న భయం మీ ఉత్తరంలో అన్నిటికన్నా పైన కనిపిస్తోంది. ముందు దాన్ని తీసేస్తాను. ఆస్ట్రేలియా చట్టం ప్రకారం భార్యాభర్తలు కలిసి ఉంటూ ఉండాలి, లేదా శాశ్వతంగా విడిపోయి వేరువేరుగా బతుకుతున్నవాళ్లు అయి ఉండకూడదు. మీరు విడిగా ఉన్నది ఆయనకు సెలవు అయిపోయి, మీకు వీసా లేక. అది ఏ ఆఫీసరుకైనా అర్థమవుతుంది. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లు వాళ్లకు కొత్త కాదు. పెళ్లయిన దంపతులకు ఇన్ని నెలలు కలిసి ఉండి తీరాలన్న లెక్క లేదు. పన్నెండు నెలల నిబంధన పెళ్లి కాకుండా కలిసి ఉంటున్నవాళ్లది. మీ కన్సల్టెంటు ఆ రెండూ కలిపేసినట్టున్నాడు.

మీరు వేయాల్సింది 309 నంబరు పార్ట్‌నర్ వీసా. దానితోపాటే 100 కూడా ఒకే అప్లికేషన్‌లో, ఒకే ఫీజుతో పడుతుంది. ముందు 309 తాత్కాలికంగా ఇస్తారు. అప్లికేషన్ వేసిన రోజు నుంచి రెండేళ్లు నిండాక మీ బంధం కొనసాగుతోందా అని మళ్లీ చూసి 100 ఇస్తారు, అది పర్మనెంట్. 309 చేతికొచ్చిన రోజు నుంచే అక్కడ ఉద్యోగం చేసుకోవచ్చు, చదువుకోవచ్చు, మెడికేర్ అనే ప్రభుత్వ వైద్య పథకంలో చేరవచ్చు. ఇంగ్లిష్ పరీక్ష రాయాలని ఎవరైనా చెబితే నమ్మకండి, ఈ వీసాకు అది లేదు.

ఆఫీసరు చూసేవి నాలుగు: డబ్బు వ్యవహారం, ఇంటి వ్యవహారం, నలుగురిలో మీరు దంపతులుగా తెలియడం, ఒకరి మీద ఒకరికి ఉన్న నిబద్ధత. మనవాళ్లు ఇక్కడే పొరపడతారు. నాకు వచ్చే ఫైళ్లలో పెళ్లి ఫొటోలు గుట్టలుగా ఉంటాయి. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, బిందెలో ఉంగరం, స్టేజీ మీద అక్షింతలు వేస్తున్న మూడొందల మంది. ఇవన్నీ పెళ్లి జరిగిందని చెబుతాయి. ఆ మాట చెప్పడానికి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చే మ్యారేజ్ సర్టిఫికెట్ ఎలాగూ ఉంటుంది. పెళ్లయిన మర్నాటి నుంచి ఈ రోజు దాకా మీ ఇద్దరి జీవితం ఎలా ముడిపడి సాగుతోందన్నది చెప్పే కాగితం మాత్రం చాలా ఫైళ్లలో ఒక్కటీ ఉండదు. పెళ్లి ఫొటోలు పది, పదిహేను చాలు. ఒక్కోదాని కింద తేదీ, ఊరు, ఫొటోలో ఎవరెవరున్నారో రాయండి. మిగతా చోటు ఆ తర్వాతి నెలలకు వదలండి.

మీరు రాసిన నాలుగు ముక్కల్లోనే నాకు సరుకు కనబడుతోంది. ఆయన మీకు డబ్బు పంపుతున్నారా? పంపితే మీ ఖాతాలో పడిన ఎంట్రీలు, అది దేనికి వాడారో ఒక లైను. మీ జీతంలోంచి మీరు ఆయనకోసం, అత్తగారింటి కోసం పెట్టిన ఖర్చులు కూడా లెక్కే. డబ్బు భర్త వైపు నుంచే రావాలని ఎక్కడా లేదు. జాయింట్ ఖాతా కావాలంటే ఆయన ఎన్‌ఆర్‌వో ఖాతాలో (విదేశాల్లో ఉండేవాళ్లకు మన బ్యాంకుల్లో ఉండే ఖాతా) దగ్గరి బంధువుగా మీ పేరు చేర్చుకునే వీలు బ్యాంకుల్లో ఉంది. ఈ రోజు చేర్చినా సరే, ఈ రోజు తేదీతోనే చూపండి. ఆయన అక్కడి సూపర్ ఫండ్‌లో (మన పీఎఫ్ లాంటిది) నామినీగా మీ పేరు, మీ పీఎఫ్‌లో, ఎల్‌ఐసీ పాలసీలో ఆయన పేరు పెట్టండి. పెద్ద ఖర్చు లేని పని, చూసేవాళ్లకు చాలా చెబుతుంది. పెళ్లయ్యాక మీ ఇద్దరినీ పిలిచిన శుభలేఖలు ఇంట్లో పడి ఉంటాయి కదా, పసుపు పూసిన కవరు మీద మీ ఇద్దరి పేర్లూ చేత్తో రాసి ఉన్నవి. వాటిని పారేయకండి. కవరు వైపు ఒకటి, లోపల ఒకటి స్కాన్ తీయండి. బంధువుల్లో మీరు దంపతులుగా చెల్లుబాటవుతున్నారని దానికన్నా తేలిగ్గా చెప్పే కాగితం పల్లెటూళ్లో ఇంకోటి దొరకదు.

ఫోన్లు, వాట్సాప్ సంగతి. మొత్తం చాట్ అంతా దింపి వందల పేజీలు పెట్టేవాళ్లు ఉన్నారు, ఎవరూ చదవరు. నెలకు రెండు మూడు రోజులవి ఎంచండి. కాల్ లాగ్ కనబడాలి, మాటల్లో మీ సంసారం కనబడాలి. గ్యాస్ బుక్ చేశావా, మీ నాన్న షుగర్ రిపోర్టు వచ్చిందా, అద్దె ఇంటికి డిపాజిట్ ఎంత అడిగారు, ఇలాంటివి. తెలుగు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి ఉంటే ఆ పేజీలకు ఇంగ్లిష్‌లో అర్థం రాయించి పెట్టాలి. ఇండియాలో చేయించే అనువాదానికి అనువాదకుడి పేరు, అడ్రసు, ఫోను, అర్హత, అనుభవం ఉంటే సరిపోతుంది.

ఆషాఢం మాట రాశారు చూశారా, దాన్ని స్టేట్‌మెంటులో తప్పకుండా రాయండి. మీ అప్లికేషన్‌లో అడ్రసు కొన్నాళ్లు అత్తగారిల్లు, కొన్నాళ్లు పుట్టిల్లు అని ఉంటుంది. కొత్త కోడలు ఆషాఢంలో అత్తగారి గడప దాటి పుట్టింట్లో ఉండడం మన ఆచారమని మనకు తెలుసు. ఆఫీసరుకు తెలిసే అవకాశం లేదు. ఒక వాక్యం రాయకపోతే ఇది కాపురంలో కలతలాగా కనబడుతుంది. ఇప్పుడు శ్రావణం వచ్చాక కూడా ఇక్కడే ఎందుకున్నారో, కాలేజీ దగ్గరనా, మరేదైనానా, అది కూడా ఉన్నదున్నట్టు రాయండి.

ఇక ఆ రెడీమేడ్ స్టేట్‌మెంటు. నేను ఈ పనిలో ఉన్నంతకాలం దీని మీద పోట్లాడుతూనే ఉంటాను. ‘‘మా పరిచయం తొలిచూపులోనే ప్రేమగా మారింది, మేము ఒకరినొకరు అర్థం చేసుకున్నాము’’ అని ఒకే మూసలో వచ్చే స్టేట్‌మెంట్లు ఏ ఊరి వాళ్లవైనా ఒకేలా ఉంటాయి. ఆఫీసరు ఒకవేళ ఫోన్ చేసి మీ మొదటి మాట ఎక్కడ జరిగిందని అడిగితే కాగితంలో ఒకటి, మీ నోటి వెంట ఇంకొకటి వస్తుంది. మీది మీరు రాయండి. ఇంగ్లిష్‌లో కలం సాగకపోతే తెలుగులో రాసి అనువాదం చేయించండి. సంబంధం ఎవరు తెచ్చారు, పెళ్లిచూపులు వీడియో కాల్‌లో జరిగాయా ఇంట్లోనా, నిశ్చితార్థం తర్వాత ఎన్నిసార్లు మాట్లాడుకున్నారు, ఆయన గురించి మొదట మీకు నచ్చింది ఏమిటి, నచ్చనిది ఏమిటి, డబ్బు ఎలా సర్దుకుంటున్నారు, విడిగా ఉన్న ఈ నెలలు ఎలా గడుస్తున్నాయి, అక్కడికి వెళ్లాక ఏం చేద్దామనుకుంటున్నారు. ఇవన్నీ అందులో ఉండాలి.

ఎలా ఉండాలో చూపిస్తాను. ‘‘నాకు కాలేజీ నాలుగున్నరకు వదులుతారు. అప్పటికి మెల్‌బోర్న్‌లో రాత్రి తొమ్మిది. ఆయన వంట ముగించి ఫోన్ చేస్తారు. నేను బస్సు ఎక్కేదాకా బస్టాండులో నిలబడి మాట్లాడతాను. అక్కడ గడియారం ముందుకు జరిపే నెలల్లో ఆయనకు పది అవుతుంది, అందుకని ఆ నెలల్లో ఉదయం నేను బయలుదేరే ముందే మాట్లాడుకుంటాం.’’ ఇంతే. ఇందులో ప్రేమ అన్న మాట లేదు. కానీ దీన్ని మీరు తప్ప ఇంకెవరూ రాయలేరు. ఆయన స్టేట్‌మెంటు ఆయన వేరేగా రాయాలి. రెండిట్లోనూ వాక్యాలు కలవకూడదు, సంగతులు కలవాలి.

విజిటర్ వీసా మీద వెళ్లి అక్కడ వేయడం గురించి. విజిటర్ వీసాకు చాలాసార్లు 8503 అనే షరతు తగిలిస్తారు. అది ఉంటే ఆస్ట్రేలియాలో ఉంటూ ఇంకో వీసా వేయడం కుదరదు. మీ దారి అక్కడే మూసుకుపోతుంది. పైగా మూడు వారాలు చూడడానికి వెళ్తున్నానని రాసి, మనసులో స్థిరపడే ఉద్దేశంతో వెళ్లడం మొదటి అడుగులోనే అబద్ధం. అయితే 309 వేసి, అది నడుస్తుండగా భర్తను చూడడానికి విజిటర్ వీసా అడగడం వేరే సంగతి. 309 పెండింగులో ఉందని అందులో చెప్పి అడగవచ్చు, చాలామంది అలా వెళ్లి వస్తున్నారు. ఆ సందర్శన మీ ఫైలుకు బలం కూడా.

పాత తేదీ జాయింట్ అకౌంటు మాట వింటేనే నాకు కోపం వచ్చింది. దొంగ కాగితం పెట్టారని తేలితే 4020 అనే నిబంధన కింద వీసా తిరస్కరిస్తారు, ఆపై మూడేళ్లపాటు ఇంకో వీసాకూ అది అడ్డుపడుతుంది. కాగితం తయారుచేసినవాడికి ఏమీ కాదు, పేరు మీది. నిజంగా ఉన్న మూడు వారాలు చాలినప్పుడు లేని మూడు నెలలు ఎందుకు పుట్టించడం? ఆ మనిషి ఆస్ట్రేలియాలో రిజిస్టరైన మైగ్రేషన్ ఏజెంటా అని అడగండి. అయితే ఏడంకెల మార్న్ నంబరు ఉంటుంది, ఏజెంట్లను రిజిస్టర్ చేసే ఓమారా వెబ్‌సైటులో అది కొట్టి చూస్తే పేరు వస్తుంది. లేదంటే ఆయనతో ఈ పని చేయించుకోకండి. అసలు మీలాంటి శుభ్రమైన కేసుకు ఏజెంటు తప్పనిసరి కాదు. నేను ఏజెంటునై ఉండీ చెబుతున్నాను.

ఒక ముఖ్యమైన విషయం. ఈ వీసాలో అర్జీదారు మీరు, మీ ఆయన స్పాన్సరు. మీ పేరు మీద ఇమ్మీఅకౌంటు (వీసా అప్లికేషన్ వేసే ఆన్‌లైన్ ఖాతా) మీరే తెరవండి. మీ ఈమెయిలు, మీ పాస్‌వర్డు. మీరు అప్లికేషన్ వేయగానే ఒక టీఆర్‌ఎన్ నంబరు వస్తుంది. దాన్ని ఆయనకు పంపితే ఆయన తన ఇమ్మీఅకౌంటులోంచి స్పాన్సర్‌షిప్ ఫారం వేరేగా నింపుతారు. పాస్‌వర్డు మామగారి దగ్గరో కన్సల్టెంటు దగ్గరో ఉంటే, మీ పేరున ఏమేం వెళ్లిందో మీకు తెలియదు. ఆస్ట్రేలియా వీసా డిపార్ట్‌మెంటు ఏదైనా అడిగి గడువు పెట్టినా మీకు తెలియదు. గడువు దాటితే ఉన్న కాగితాలతోనే నిర్ణయం చేసేస్తారు.

మిగతా కాగితాల్లో మీకు ముందుగా కావాల్సింది మ్యారేజ్ సర్టిఫికెట్. శుభలేఖ, పెళ్లి ఫొటో, ఇద్దరి వయసు, అడ్రసు రుజువులు, సాక్షులతో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి. ఆయన సెలవులో ఉండగా చేసుకుని ఉంటే సరే, లేకపోతే ఆయన మళ్లీ ఒకసారి వచ్చి వెళ్లాల్సి వస్తుంది. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్టు ఆఫీసు ద్వారా తీసుకుంటారు. గత పదేళ్లలో మొత్తం ఏడాది గానీ అంతకు మించి గానీ ఉన్న ప్రతి దేశానిదీ కావాలి, మీకు ఇండియాది ఒక్కటే. అదీ, మెడికల్ రిపోర్టూ సాధారణంగా ఏడాదే చెల్లుతాయి. కాబట్టి అందరికన్నా ముందు పరుగెత్తి తీసుకోకండి, అప్లికేషన్ వేశాక తీసుకున్నా అప్‌లోడ్ చేయవచ్చు. మెడికల్ పరీక్ష ఆస్ట్రేలియా ప్రభుత్వం గుర్తించిన డాక్టర్ల దగ్గరే చేయించుకోవాలి, హైదరాబాదులో ఉన్నారు. ఫారం 888 మీద మీ ఇద్దరినీ ఎరిగిన ఇద్దరు ఆస్ట్రేలియా పౌరులో పీఆర్ ఉన్నవాళ్లో మీ బంధం గురించి సాక్ష్యం రాయాలి. మీ పెళ్లికి మెల్‌బోర్న్ నుంచి వచ్చిన స్నేహితుడు ఉంటే మొదట ఆయన్నే అడగండి.

ఇంటిపేరు మార్చాలా? వీసాకు అక్కర్లేదు. మన చట్టంలోనూ పెళ్లయితే ఇంటిపేరు మారి తీరాలని లేదు. మీకు ఇష్టమైతే మార్చుకోండి, అది మీ ఇద్దరి విషయం. కానీ ఇప్పుడు మారిస్తే టెన్త్ మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఒకటి, కొత్త పాస్‌పోర్టులో ఇంకొకటి అవుతాయి. మధ్యలో పాస్‌పోర్టు నంబరు మారితే ఆ సంగతి డిపార్ట్‌మెంటుకు తెలియజేయాలి. రేపు అక్కడ టీచరుగా రిజిస్టర్ కావాలంటే మీ డిగ్రీ పేరుకూ పాస్‌పోర్టు పేరుకూ పొంతన చూపించాలి. అత్తగారికి ఈ కారణం చెప్పండి, మాట కాదన్నట్టు ఉండదు.

ఉద్యోగం మాత్రం మానకండి. ఈ వీసా ఎప్పుడొస్తుందో ఎవరూ తేదీ చెప్పలేరు. నెలలు పడుతుంది, ఏడాది దాటడం కూడా మామూలే. ఆ కాలమంతా చేతిలో జీతం లేకుండా, ఫోన్ చూసుకుంటూ కూర్చోవడం ఎంత నలుపుతుందో నేను చాలామంది ఆడపిల్లల్లో చూశాను. గ్రాంటు వచ్చాక నోటీసు పీరియడ్ ఇచ్చి మానవచ్చు.

ఫీజు మాట చివరికి ఉంచాను, ఎందుకంటే అది ఫీజు మాట మాత్రమే కాదు. 2025 జులైలో ఈ వీసా ఫీజు 9,365 డాలర్లు అయింది, ఏటా జులైలో పెరుగుతుంది. మన డబ్బులో ఐదు లక్షల పైమాటే. తిరస్కరిస్తే వెనక్కి రాదు. ఇంత మొత్తాన్ని పెళ్లయ్యాక మీ నాన్న మీద పెట్టడం కట్నం కిందికే వస్తుంది. దానికి వీసా అని పేరు పెడితే మరొకటి కాదు. మీ ఆయనతో మీరే నేరుగా మాట్లాడండి. మామగారి ద్వారా వచ్చిన కబురు ఆయన మాటేనా కాదా అన్నది ముందు తేలాలి. మీకు జీతం ఉంది, ఆయనకు జీతం ఉంది, ఇద్దరూ పంచుకుని కట్టి ఆ రశీదు ఫైల్లో పెట్టండి. డబ్బు వ్యవహారం కింద అంతకన్నా మంచి రుజువు ఏముంది?

ఆయన మంచివారే అయి ఉంటారు, మీ ఉత్తరంలో ఆయన మీద ఒక్క ఫిర్యాదూ లేదు. అయినా అక్కడికి వెళ్లే ప్రతి అమ్మాయికీ చెప్పేది మీకూ చెబుతాను. విక్టోరియా రాష్ట్రంలో 2019 నుంచి కట్నం కోసం వేధించడాన్ని చట్టం కుటుంబ హింసగా చూస్తోంది. ‘‘నేను స్పాన్సర్‌షిప్ తీసేస్తే నువ్వు విమానం ఎక్కాల్సిందే’’ అని బెదిరించేవాళ్లు ఉంటారు. 309 మీద అక్కడ అడుగుపెట్టాక హింస వల్ల బంధం తెగిపోతే, పర్మనెంట్ వీసాకు వెళ్లే దారి చట్టంలో ఉంది. సహాయం కోసం 1800 737 732 నంబరుకు దేశంలో ఎక్కడి నుంచైనా, ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడాలంటే అనువాదకుణ్ని అడగవచ్చు. పాస్‌పోర్టు, వీసా గ్రాంటు లెటరు, సర్టిఫికెట్ల స్కాన్లు మీ సొంత ఈమెయిల్లో ఉంచుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి అడిలైడ్‌లో మాస్టర్స్ చేస్తున్నాడు, ఇంకో ఏడాది ఉంది. కార్తీకంలో పెళ్లి అనుకుంటున్నాం. పెళ్లికూతురివాళ్లు పార్ట్‌నర్ వీసా మీద అమ్మాయిని వెంటనే తీసుకెళ్తారా అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?
— ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అక్కగారూ, పార్ట్‌నర్ వీసా కుదరదని వాళ్లకు ముందే చెప్పేయండి. స్పాన్సర్ చేయాలంటే ఆస్ట్రేలియా పౌరుడో, పీఆర్ ఉన్నవాడో, అర్హత ఉన్న న్యూజిలాండ్ పౌరుడో కావాలి. మీవాడు ఇప్పుడు స్టూడెంటు. ఆయన స్టూడెంట్ వీసా మీద డిపెండెంటుగా కోడలిని తీసుకెళ్లవచ్చు. ఆమె ఖర్చులకు సరిపడా డబ్బు చూపాలి, హెల్త్ ఇన్సూరెన్సు ఇద్దరికీ కలిపి మార్చాలి. అబ్బాయి మాస్టర్స్ చేస్తున్నాడు కాబట్టి ఆమె పనిగంటలకు పరిమితి ఉండదు. అదే డిగ్రీ కోర్సు అయితే రెండు వారాలకు 48 గంటలే.

కానీ ఆమె వీసా అబ్బాయి వీసాతోపాటే ముగుస్తుంది. ఏడాదే మిగిలింది కాబట్టి ఈ మాట పెళ్లికూతురివాళ్లకు దాచకండి. ‘మా అబ్బాయి ఆస్ట్రేలియా’ అన్న ఒక్క మాట మీద సంబంధాలు కుదిరిపోతున్నాయి, తర్వాత అమ్మాయిలు ఏళ్లకేళ్లు పుట్టింట్లో ఉండిపోతున్నారు. ఆయన తర్వాత పీఆర్‌కు వేసుకుంటే అదే అప్లికేషన్‌లో భార్యను చేర్చవచ్చు, విడిగా పార్ట్‌నర్ వీసా ఫీజు ఉండదు. పెళ్లయిన సంగతి మాత్రం ఆ తర్వాత వేసే ప్రతి ఫారంలోనూ రాయమనండి. పెళ్లి దాచి ఒంటరివాణ్నని చెప్పి పీఆర్ కోసం లెక్కించే పాయింట్లు తెచ్చుకున్నవాళ్ల భార్యల ఫైళ్లు ఎంత చిక్కుపడతాయో నాకు తెలుసు.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఉంటాను. సిడ్నీలో చదువుకున్నప్పుడు అక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయితో ప్రేమలో పడ్డాను. ఆమె ఆస్ట్రేలియా సిటిజన్. ఎనిమిది నెలలు ఒకే ఇంట్లో ఉన్నాం. నా వీసా అయిపోయి వచ్చేశాను. ఆమె ఇంట్లో ఒప్పుకోవడం లేదు, కులం వేరు. ఆమె ఇక్కడికి వచ్చి పెళ్లి చేసుకోవడానికి సిద్ధమే. ఫియాన్సీ వీసా మంచిదా, పెళ్లి చేసుకుని వేయడమా? పెద్దవాళ్ల మద్దతు లేకపోతే వీసా ఆపుతారా?
— ఒక యువకుడు, కూకట్‌పల్లి

జవాబు: బాబూ, చివరి ప్రశ్నకు ముందు జవాబు. ఆపరు. పెద్దల అంగీకారం ఈ వీసాకు షరతు కాదు. ఫారం 888 మీద మీ బంధానికి సాక్ష్యం రాసేవాళ్లు తల్లిదండ్రులే కానక్కర్లేదు. సిడ్నీలో మీతో ఆ ఇంట్లో ఉన్నవాళ్లు, ఆమె ఆఫీసు స్నేహితురాలు, ఎవరైనా సరే, మీ ఇద్దరినీ దగ్గరగా చూసినవాళ్లయితే చాలు. ఇంట్లో ఒప్పుకోలేదన్న సంగతి దాచకుండా ఇద్దరూ ఎవరి స్టేట్‌మెంటులో వాళ్లు రాయండి. పెళ్లి ఫొటోల్లో ఒకవైపు కుటుంబం ఎందుకు లేదన్న అనుమానానికి అదే జవాబు.

కలిసి ఉన్నది ఎనిమిది నెలలే కాబట్టి పెళ్లి లేకుండా డీఫాక్టో కింద వేయడానికి పన్నెండు నెలల లెక్క నిండిందని చూపడం కష్టం. అయినా ఆ ఎనిమిది నెలల కాగితాలు బంగారం. ఇద్దరి పేర్లున్న లీజు, కరెంటు బిల్లు, ఒకే అడ్రసుకు వచ్చిన ఉత్తరాలు, ఇంటి అద్దె ఒకరి ఖాతా నుంచి ఒకరి ఖాతాకు పంపిన ఎంట్రీలు. ఏ దారిలో వేసినా వాటిని ముందు పెట్టండి.

ఫియాన్సీ వీసా అంటే 300. ఇద్దరూ 18 నిండాక ముఖాముఖి కలిసి ఉండాలి, అది మీకు ఉంది. అక్కడ పెళ్లి జరిపించే సెలబ్రెంటు దగ్గర్నుంచి తేదీతో ఉత్తరం కావాలి. వీసా తొమ్మిది నుంచి పదిహేను నెలలు ఇస్తారు, ఆ లోపల వెళ్లి పెళ్లి చేసుకుని, మళ్లీ 820 అనే పార్ట్‌నర్ వీసా వేయాలి. రెండోసారి ఫీజు తక్కువే గానీ ఉంటుంది. అంటే రెండు ఫైళ్లు, రెండు ఖర్చులు. ఇక్కడ పెళ్లి చేసుకోవడానికి ఎవరికైనా ప్రాణభయం ఉంటే, లేదా ఆమె ఇండియా రాలేకపోతే ఇదే దారి. లేకపోతే నేను పెళ్లి చేసుకుని 309 వేయమనే చెబుతాను.

ఆమె విదేశీ పౌరురాలు కాబట్టి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద చేసుకోండి. మీ ఇద్దరిలో ఒకరు నోటీసుకు ముందు ముప్పై రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి, అది మీతో సరిపోతుంది. నోటీసు ఇచ్చాక ముప్పై రోజులు ఆగాలి. ఆ నోటీసును ఆఫీసులో అందరికీ కనబడేలా అతికిస్తారు. మీ రెండు ఇళ్లలో ఎవరికి ఎప్పుడు తెలియాలో ముందే ఆలోచించుకుని వెళ్లండి. తెలియకూడని పరిస్థితి నిజంగా ఉంటే ముందుగా ఒక లాయరుతో మాట్లాడండి. ఆమె అక్కడ ఎవరినీ పెళ్లాడలేదని, పెళ్లికి అడ్డంకి లేదని చెప్పే సర్టిఫికెటును ఆస్ట్రేలియా ప్రభుత్వం ఇస్తుంది. రిజిస్ట్రారు దాన్ని అడుగుతారు. అది రావడానికి సమయం పడుతుంది కాబట్టి టికెట్లు కొనకముందే ఆమెను సిడ్నీలో దానికి అప్లై చేయమనండి.